ఎగువ కుడి మూల

డైరెక్టర్ సర్వోత్తమరావు గారు బెంగళూరులో రెండు రోజుల సదస్సుకి వెళ్ళి, మొదటిరోజు మధ్యాహ్నమే ఒక మాట విన్నారు. మామూలు మనిషి ఒక గ్రాఫు వంక రెండున్నర సెకన్లకి మించి చూడడట. ఆ మాట విన్నాక ఆయన కాఫీ పక్కన పెట్టేశారు. ఇరవై రెండేళ్ళుగా తన సంతకంతో అచ్చయిన గ్రాఫులన్నీ గుర్తు చేసుకున్నారు. ఒక్కోదానికి రెండున్నర సెకన్లు వేసుకున్నారు. అంతా కలిపినా ఒక సినిమాలో ఇంటర్వెల్ దాకా రాలేదు. రెండో రోజు సదస్సు ఎగ్గొట్టి రైలెక్కేశారు.

ఆయన ఏలుబడిలో ఉన్నది రాష్ట్ర విజ్ఞాన చిత్రణ మండలి. విజయనగరం దాటాక జీడితోటల మధ్య మూడంతస్తుల భవనం. అందులో నీళ్ళ మీద, నేల మీద, కప్పల మీద, జ్వరాల మీద పరిశోధన చేసేవాళ్ళు నూటపదిమంది. డైరెక్టర్ గారు స్టేషన్ నించి ఇంటికి కూడా పోకుండా నేరుగా ఆఫీసుకొచ్చి మెమో పుట్టించారు.

"ఇందుమూలముగా సమస్త శాస్త్రజ్ఞులకు తెలియజేయునది ఏమనగా, ఇకపై మండలిలో ఏ ఒక్కరూ కేవలం శాస్త్రజ్ఞులుగా కొనసాగరాదు. కృత్రిమ మేధ, దృశ్య జ్ఞానం, దత్తాంశ (అనగా డేటా) చిత్రణ అను మూడింటి సంగమమున ప్రతివారూ తమ వృత్తి జీవితమును పునర్నిర్మించుకొనవలెను. గడువు: సోమవారం."

సోమవారానికి అందరూ పునర్నిర్మించుకున్నారు. అంటే తలుపుల మీద నేమ్‌ప్లేట్లు మార్చుకున్నారు. కప్పలాయన దృశ్య మండూక మేధావి అయ్యాడు. జీపు డ్రైవరు చలన దృశ్య సహాయకుడయ్యాడు. క్యాంటీన్ వంటమనిషిని ఏం చెయ్యాలో తేలక రెండు కమిటీలు వేశారు.

ఆ కాంపౌండు మొత్తం మీద ఆ విషయం నిజంగా చదువుకున్నది ఒకే ఒక్క మనిషి. లెంక ఇందుమతి. మనిషి కన్ను ఒక గీతని ఎలా చదువుతుంది, ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ మోసపోతుంది అని తొమ్మిదేళ్ళు పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకుంది. అందుకని మండలిలో పర్మనెంటు కాని మనిషి కూడా ఆమె ఒక్కతే. మిగతావాళ్ళంతా కప్పల పోస్టుల్లో, మట్టి పోస్టుల్లో ఎప్పుడో పర్మనెంటు అయిపోయారు. కళ్ళకి పోస్టు లేదు. ఆమె కాంట్రాక్టు ఆగస్టు ముప్పై ఒకటితో సరి. ఇది పోతే ఆ చదువుకి ఈ చుట్టుపక్కల ఇంకో గుమ్మం లేదు.

"మేడమ్ ఇందుమతీ, మీకు సువర్ణావకాశం" అన్నారు డైరెక్టర్ గారు ఆమెని పిలిపించి. "ఇకపై ప్రతి గ్రాఫుకీ యంత్రమే మార్కులు వేస్తుంది. పక్షపాతం ఉండదు, సిఫార్సు ఉండదు. నెలాఖరు సమీక్షలో మీ గ్రాఫు ఒకటి పెట్టండి. ఎనభై దాటితే పర్మనెంటు ఉత్తర్వు. దాటకపోతే, ఏముందీ, మండలి మీ సేవలను సదా స్మరించుకుంటుంది."

ఆ యంత్రం పేరు చక్షుష్మతి. గ్రాఫు చూపిస్తే చాలు, మనిషి కన్ను అందులో ఎక్కడ ఆగుతుందో తనే ఊహించి, ఆ ఆగేచోట ముఖ్యమైన విషయం ఉంటే మార్కులు వేస్తుంది. ఊహ బానే ఉంది. ఇందుమతికి ముచ్చటేసింది కూడా. తను తొమ్మిదేళ్ళు మొత్తుకున్నది ఇదే కదా.

సమీక్షకి ముందే ఒకసారి చూసుకుందామని తన గ్రాఫు పెట్టింది. వరద హెచ్చరిక పటంలో ఏ రంగు వేస్తే జనం ప్రమాదాన్ని త్వరగా పసిగడతారో చూపించే గ్రాఫు. రెండేళ్ళ కష్టం.

చక్షుష్మతి పదకొండు మార్కులు వేసింది. కింద ఒక వాక్యం: "ముఖ్యాంశము ఎగువ కుడి మూలన లేదు."

ఇందుమతి పక్కగదిలో ఉండేది జాన్ విక్టర్. భూగర్భ జలాల మనిషి. ఊళ్ళూళ్ళూ తిరిగి బోర్లలో తాడు దించి నీటిమట్టం కొలుస్తాడు. పదిహేనేళ్ళ గీత అతనిది. ఏడాదేడాదికీ కిందకి, కిందకి, ఇంకా కిందకి. చక్షుష్మతి నాలుగు మార్కులు వేసింది.

"నాలుగేమిటి ఇందూ! నాలుగు! మా పిల్లాడు లెక్కల్లో సున్నా తెచ్చుకుంటే బెల్టు తీశాను. ఇప్పుడు ఇంటికెళ్ళి మొహం ఎలా చూపించను?"

"ముందు బెల్టు సంగతి మానండి విక్టర్ గారూ. మీ గీత కిందకి పోతోంది. యంత్రానికి పైన కుడిమూల కావాలట."

"నీళ్ళు కిందకి పోతుంటే గీత పైకెలా పోతుందమ్మా? నేను బోర్లో నీళ్ళు పొయ్యనా?"

అన్నాడు గానీ మనిషి తెలివైనవాడు. రెండ్రోజులు తలుపేసుకున్నాడు. మూడోరోజు నీటిమట్టం తీసేసి, నీటి కోసం ఎంత లోతుకి పోవాలో ఆ లోతు గీశాడు. అరవై అడుగులు, నూటయాభై, నాలుగువందలు, ఎనిమిదివందలు. గీత రివ్వున లేచి ఎగువ కుడి మూలకి పోయి తగులుకుంది. తొంభై ఆరు మార్కులు!

డైరెక్టర్ గారు హాలు నిండా జనాన్ని పోగేసి విక్టర్‌కి శాలువా కప్పారు. "మన జిల్లాలో లోతు సాధించిన ప్రగతి చూడండి" అన్నారు. "పదిహేనేళ్ళలో పదమూడు రెట్లు! ఏ ఇతర రంగమైనా ఇంతటి వృద్ధి నమోదు చేసినదా అని నేను సవినయంగా ప్రశ్నిస్తున్నాను." చప్పట్లు మోగాయి. విక్టర్ శాలువాలోంచి ఇందుమతి వంక చూసి, దొంగతనం చేస్తూ దొరికిన పిల్లిలా కళ్ళు దించుకున్నాడు.

ఇక ఆగుతుందా? కప్పల సంఖ్య తగ్గిపోతోందని ఏడ్చే కప్పలాయన, కనపడకుండాపోయిన కప్పల సంఖ్య గీశాడు. ఎనభై తొమ్మిది. జ్వరాల డాక్టరుకి చిక్కొచ్చింది. ఆయన మందు బాగా పనిచేస్తోంది, జ్వరం దిగిపోతోంది, మార్కులూ దిగిపోతున్నాయి. ఆలోచించి ఆలోచించి కాలాన్ని వెనక్కి తిప్పాడు. ఎడమన డిసెంబరు, కుడిన జనవరి. మందు వేసుకున్నకొద్దీ జ్వరం ఎక్కుతున్నట్టు గీత లేచింది. తొంభై రెండు. "డాక్టరు గారూ, ఇది చూసినవాళ్ళు మీ మందు మింగుతారా?" అని ఇందుమతి అడిగితే, "మింగేది రోగులమ్మా, చూసేది చక్షుష్మతి" అన్నాడాయన చాలా ఓపిగ్గా.

గుండ్రటి గ్రాఫులకి మూలలే లేవు కనుక వాటిని నిషేధించారు. వాటి మీదే బతుకుతున్న ఒకావిడ గుండ్రాన్ని చదరం చేసుకుని బయటపడింది.

అసలు గొడవ పటాల దగ్గరొచ్చింది. రాష్ట్రం పటంలో ఎగువ కుడి మూల శ్రీకాకుళం జిల్లా. కనక శ్రీకాకుళం మీద ఏం చేసినా మార్కులే. పదిరోజుల్లో మండలిలో సగంమంది శ్రీకాకుళం మీద పడ్డారు. ఇచ్ఛాపురంలో ఒక్క బోదురుకప్పని నలుగురు శాస్త్రజ్ఞులు చుట్టుముట్టారని కబురొచ్చింది. అనంతపురం కరువు మీద పదేళ్ళుగా పనిచేస్తున్నాయన కాళ్ళావేళ్ళా పడ్డాడు, వినతిపత్రం ఇచ్చాడు, చివరికి తెగించి పటాన్నే తలకిందులు చేశాడు. అనంతపురం ఎగువ కుడి మూలకి వచ్చింది. తొంభై నాలుగు. బంగాళాఖాతం మాత్రం పడమటికి పోయింది.

"సముద్రం పడమర ఉందండీ" అంది ఇందుమతి వారాంతపు సమావేశంలో.

"మేడమ్, సముద్రం అనునది ఈ పటమున అప్రధానాంశము" అన్నారు డైరెక్టర్ గారు.

ఆగస్టు ఇరవై వచ్చింది. అందరికీ ఎనభైలు, తొంభైలు. ఇందుమతికి పదకొండు.

"నువ్వూ ఏదో ఒకటి తిప్పెయ్యమ్మా" అన్నాడు విక్టర్. అతను శాలువా వచ్చిన దగ్గర్నించీ సరిగ్గా అన్నం తినడం లేదు. "ఎర్రరంగు తీసుకెళ్ళి మూలన పడెయ్. పదిరోజులే ఉంది."

"వరద వచ్చినప్పుడు జనం ఆ రంగు చూసి పరుగెత్తాలి విక్టర్ గారూ. మూలన పడేస్తే మునుగుతారు."

"మరి నువ్వు మునుగుతావు కదా!"

ఆమెకి వేరే దురద పట్టుకుంది. ఎగువ కుడి మూలే ఎందుకు? తెలుగు చదివే మనిషి కన్ను ఎడమ పైనుంచి మొదలవ్వాలి. తొమ్మిదేళ్ళలో ఎన్ని వందల కళ్ళు చూసింది తను! ఒక్క కన్నూ ఇలా చెయ్యలేదు. ఈ యంత్రానికి చూపు నేర్పింది ఎవరి కళ్ళు?

యంత్రం తయారైనప్పటి పాత ఫైలు తీయించింది. యంత్రానికి పాఠం చెప్పడానికి ఆఫీసు సిబ్బందినే నలభైమందిని పన్నెండో నంబరు గదిలో కూర్చోబెట్టారు. తెర మీద నాలుగువందల గ్రాఫులు చూపించారు. తెర కింద బిగించిన కెమెరా వాళ్ళ కళ్ళు ఎటు తిరిగాయో రాసుకుంది. ఆ రాతలో నలభైమందీ ఎగువ కుడి మూలనే చూశారు. దాదాపు ప్రతి గ్రాఫుకీ.

ఆ నలభైమందిలో ఒకడు అప్పలసూరి. తపాలా సెక్షన్ గుమస్తా, ఇంకో ఏడాదిలో రిటైరు. గజపతినగరం పక్క పల్లె నించి రోజూ బస్సులో వస్తాడు. ఇందుమతి అతన్ని పన్నెండో గదికి తీసుకెళ్ళింది.

"ఇక్కడే కదా బాబాయ్ మిమ్మల్ని కూర్చోబెట్టింది?"

"ఈ కుర్సీలోనేనమ్మా. మెడ కదపకండి, బొమ్మలు సూడండి అన్నారు."

"మరి చూశారా?"

అప్పలసూరి తల గోక్కున్నాడు. "అబద్ధం ఎందుకమ్మా. సూడలేదు."

"ఎటు చూశారు మరి?"

అతను కుర్చీలో కూర్చుని, అలవాటుగా తలెత్తాడు. ఇందుమతి అతని చూపు పట్టుకుని పోయింది. తెర దాటి, తెర అంచు దాటి, కుడివైపు పైన, గోడ మీదకి. అక్కడ ఒక గడియారం ఉంది. నల్ల అంచుది, పెద్దది.

"బుధవారాలే పెట్టీవోరమ్మా ఈ తద్దినం. పన్నెండు నించి ఒంటిగంట దాకా. బుధవారం క్యాంటీన్లో కోడిగుడ్డు పులుసు. ఒంటిగంటా పదయ్యిందంటే గుడ్లయిపోతాయి, ఉత్త పులుసు పోస్తాడు సచ్చినోడు. మా పేణాలన్నీ ఆ గడియారం మీదే ఉండీవి. బొమ్మలెవడు సూస్తాడమ్మా?"

ఇందుమతి గోడకి చేరగిలబడి నవ్వింది. కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. కెమెరాకి తెర ఒక్కటే తెలుసు, గోడ తెలియదు. చూపు తెర దాటిపోతే, తెరలో దానికి దగ్గరున్న చోట చుక్క పెట్టేసింది. ఆ దగ్గర చోటే ఎగువ కుడి మూల! నలభైమంది గుమస్తాల ఆకలి. దాన్ని పట్టుకుని కాలం వెనక్కి నడిచింది, కప్పలు పెరిగాయి, సముద్రం పడమటికి పోయింది.

"నవ్వుతారేటమ్మా, మాకు రెండు వారాలు గుడ్డే దొరకలేదు" అన్నాడు అప్పలసూరి.

ఆమె పరుగెత్తుకుంటూ డైరెక్టర్ గారి గదికి వెళ్ళి ఒక్క గుక్కలో చెప్పేసింది. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"మేడమ్, తమరి ఆవేదన అర్థమైనది. అయితే మౌఖిక సమాచారమును స్వీకరించు నిబంధన మండలిలో లేదు. మీరు చెప్పదలచినది గ్రాఫు రూపమున సమర్పించండి. చక్షుష్మతి మూల్యాంకనం చేస్తుంది."

"చక్షుష్మతి తప్పని చెప్పే గ్రాఫుకి చక్షుష్మతే మార్కులు వేస్తుందాండీ?"

"యంత్రమునకు స్వపర భేదము లేదు."

సరే కానిమ్మంది. ఉద్యోగం ఎలాగూ పోతుంది, పోయేముందు నిజమన్నా గోడకెక్కించి పోదాం. పాత ఫైల్లోని నలభైమంది చూపులూ తీసి, నిమిషం నిమిషానికీ చుక్కలుగా వేసింది. పన్నెండింటికి చుక్కలు అక్కడక్కడ చెదిరి ఉన్నాయి. పన్నెండున్నరకి మూలకి జరిగాయి. పన్నెండు యాభైకి గుంపు కట్టాయి. ఒంటిగంటకి ఎగువ కుడి మూల చీమలు పట్టిన బెల్లమ్ముక్కలా నల్లబడిపోయింది. కింద పెద్దక్షరాలతో రాసింది: "వీళ్ళు చూస్తున్నది గ్రాఫుని కాదు. గడియారాన్ని."

సమీక్ష రోజు హాలు నిండింది. ఇందుమతి గ్రాఫు తెర మీదకి వచ్చింది. విక్టర్ కళ్ళు మూసుకుని లోపల ప్రార్థన చేసుకుంటున్నాడు. చక్షుష్మతి గిర్రున ఆలోచించింది.

వంద.

వందకి వంద! మండలిలో ఎవరికీ రాని వంద. మరి ఎగువ కుడి మూలని అంతగా నింపిన గ్రాఫు ఇంకోటి ఉంటేగా! డైరెక్టర్ గారు కుర్చీలోంచి లేచిపోయారు. హాలంతా లేచింది. ఎవరో ఈల వేశారు.

"అయ్యా, కింద రాసింది చదవండి" అని అరిచింది ఇందుమతి. "యంత్రం తప్పు నేర్చుకుందండీ! వాళ్ళకి ఆకలేసి గడియారం చూశారు!"

డైరెక్టర్ గారు చదివారు. అది మాత్రం నిజం. ఆయన పెదాలు కదిలాయి, నుదురు ముడిపడింది, మొహం వెలిగింది.

"అమోఘం! మానవ నేత్రమును అన్నింటికన్నా ఆకర్షించునది గడియారమని మేడమ్ ఇందుమతి నిరూపించారు. ఇకపై ప్రతి గ్రాఫునకు ఎగువ కుడి మూలన ఒక గడియారం ముద్రించవలెను. ఒంటిగంట చూపించవలెను."

ఇందుమతి కుర్చీలో కూలబడింది. విక్టర్ వంగి చెవిలో, "గెలిచావు కదమ్మా, ఏడుస్తావెందుకు?" అన్నాడు.

కానీ ఆమె మొండిది. వంద మార్కుల మనిషి మాట ఆ వారం రోజులు చెల్లుతుంది. ఆ వేడిలోనే పట్టుబట్టింది. యంత్రానికి పాఠం మళ్ళీ మొదట్నించి చెప్పాలి. గోడ మీద గడియారం ఉండకూడదు. చేతి గడియారాలూ, ఫోన్లూ బయట పెట్టించాలి. ఉదయం పదింటికి, కళ్ళు తాజాగా ఉన్నప్పుడు కూర్చోబెట్టాలి.

"అన్నీ అంగీకారమే" అన్నారు డైరెక్టర్ గారు. "ఒక చిన్న సవరణ. ఆకలి మూలమున గత దత్తాంశము కలుషితమైనదని మీరే సెలవిచ్చారు. కనుక పూర్ణ భోజనానంతరమే ప్రయోగం. పోస్టు మంజూరు దస్త్రం కూడా అప్పుడే కదులుతుంది."

ఇందుమతి మూడు అభ్యంతర పత్రాలు రాసింది. మూడూ ఎగువ కుడి మూలన సంతకం లేని కారణంగా తిరిగి వచ్చాయి.

బుధవారం. క్యాంటీన్లో నలభైమందికీ తలకి రెండేసి గుడ్లు, గారెలు, పెరుగన్నం, చివర్న అరటిపండు. రెండింటికి పన్నెండో గదిలో కూర్చోబెట్టి, ఫ్యాను వేసి, లైట్లు తగ్గించి, తెర మీద గ్రాఫులు మొదలెట్టారు. ఆరో గ్రాఫుకి అప్పలసూరి గురక మొదలైంది. పదకొండో గ్రాఫు దాటాక గదిలో మెలకువగా ఉన్నది కెమెరా ఒక్కటే. అది ఒళ్ళు దాచుకోకుండా రాసుకుంది. నాలుగువందల గ్రాఫులు, నలభైమంది, చూపు ఎక్కడా లేదు.

"ఇది పారెయ్యాలండీ, వాళ్ళు నిద్రపోయారు!" అంది ఇందుమతి.

"దత్తాంశము పవిత్రమైనది మేడమ్. పారవేయరాదు. కన్ను ఎక్కడా ఆగలేదంటే అర్థమేమి? చూచుటకు ఏమీ లేనప్పుడే కంటికి పరమ సుఖము!"

కొత్త చక్షుష్మతి వచ్చింది. గీతలున్న ఏ గ్రాఫుకీ ఒక్క మార్కూ వెయ్యలేదు. అనంతపురం ఆయన పొరపాటున గ్రాఫు మర్చిపోయి తెల్లకాగితం పెట్టాడు. వంద!

ఆ తర్వాత మండలి దూసుకుపోయింది. కప్పలు పోయాయి, జ్వరాలు పోయాయి, సముద్రం అసలే పోయింది. ఆ ఏడాది వార్షిక నివేదిక రెండువందల నలభై పేజీలు, తెల్లగా, అట్ట కూడా తెల్లగా. మండలి చరిత్రలో ఒక్క అబద్ధం కూడా లేని నివేదిక అదొక్కటే.

ఇందుమతి పర్మనెంటు ఉత్తర్వు కూడా వచ్చింది. ఉత్తర్వులు కూడా కంటికి కనిపించేవే కనక చక్షుష్మతి ఆమోదం కావాల్సిందే. ఆమె కవరు చింపి చూసింది. తెల్లకాగితం. వెనక్కి తిప్పింది. తెలుపు. డైరెక్టర్ గారి సంతకం కూడా లేదు, ఆయనది గీతలెక్కువున్న సంతకం. ఆమె పర్మనెంటు అయిందో లేదో మండలిలో చెప్పగలవాడు లేడు. పొమ్మని చెప్పే కాగితం కూడా అలాగే వస్తుంది కనక పొమ్మనగలవాడూ లేడు. ఆమె వెళ్ళి పన్నెండో గదిలో కూర్చుంది.

విక్టర్ వచ్చి ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. శాలువాని నాలుగు మడతలేసి తెచ్చాడు. దాంతో బల్ల తుడిచాడు.

"పెన్సిలుందా?"

ఇచ్చింది. ఆమె ఉత్తర్వు మీదే, పక్కన అడుగులూ కింద ఏళ్ళూ వేసి, గీశాడు. పదిహేనేళ్ళ గీత, నీటిమట్టం, ఎటు పోవాలో అటే పోయింది. కిందకి, కిందకి, ఇంకా కిందకి. గీశాక బరువు దించుకున్నవాడిలా ఊపిరి వదిలాడు.

తపాలా ఇవ్వడానికి అప్పలసూరి వచ్చాడు. ఇందుమతి కాగితం అతని ముందుకి తోసింది. గోడ మీద గడియారం లేదు, అతనికి ఆకలీ లేదు, నిద్రా లేదు. చూశాడు. కన్ను ఎడమ పైనుంచి మొదలైంది, గీత వెంబడి దిగింది, చివర్న ఆగింది. ఆమె తొమ్మిదేళ్ళుగా చెబుతున్నట్టే.

"ఇది మా ఊరి బోరు కదమ్మా?" అన్నాడు. "ఎండిపోతంది. ఇంకో రెండేళ్ళు ఆగదు."

విక్టర్, ఇందుమతీ మొహమొహాలు చూసుకున్నారు. రెండున్నర సెకన్లు కూడా పట్టలేదు.

అప్పలసూరి కాగితం వదల్లేదు. ఇంకోసారి చూశాడు. "దీనికి మీ మిషను ఎన్ని మార్కులేసిందమ్మా?"

"వెయ్యలేదు బాబాయ్. పెడితే సున్నా వేస్తుంది."

"అయితే నిజివే అయ్యుంటాది" అని కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఊళ్ళో చూపించడానికి అయిదింటి బస్సు పట్టుకోవాలని పరుగెత్తాడు.